ముందు రెయిలుకు గ్రైండర్ పట్టించండి

సంపాదకులు గారికి,

మున్సిపల్ పార్కులో స్కేట్‌బోర్డు కుర్రాళ్లు శిలాఫలకం గట్టును అరగదీస్తున్నారనీ, కేసులు పెడతామనీ అధికారులు హెచ్చరించినట్టు పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చింది. పదడుగుల దూరంలో వాళ్ల కోసమే కట్టిన స్కేటింగ్ స్థలం ఉండగా గట్టెందుకు ఎక్కుతున్నారని అడిగిన నాథుడు లేడు.

అక్కడి ఇనుప రెయిలు నడుమెత్తున ఉంది. గ్రైండ్ (బోర్డు కింది ఇరుసులను రెయిలు మీదో గట్టంచు మీదో ఆనించి జారడం) నేర్చుకునేవాళ్లకు జానెడు, మహా అయితే అడుగెత్తు చాలు. బోర్డుతో సహా ఎగరడాన్ని ఆలీ అంటారు. అది రెయిలు కంటే 2, 3 అంగుళాలు పైకి లేవాలి. నడుమెత్తుకు ఎగరాలంటే ఒలింపిక్స్ వాళ్లను పిలిపించాలి. పైగా వేసింది గుండ్రటి పైపు. కొత్తవాళ్లకు 2 అంగుళాల చదరపు పైపైతే రెండు ట్రక్కులూ (ఆ ఇరుసులే లెండి, లారీలు కావు) కుదురుగా కూర్చుంటాయి. దానికి దట్టంగా ఎనామిల్ పెయింటొకటి! ట్రక్కు పెయింటుకు పట్టేస్తే బోర్డు ఆగుతుంది, మనిషి ఆగడు. అతుకుల దగ్గర వెల్డింగ్ ముద్దలు అలాగే వదిలేశారు. రెయిలు మీద పిల్లలు గ్రైండ్ చేయాలంటే ముందు కాంట్రాక్టరు గ్రైండర్ పట్టించాలన్న ఇంగితం కూడా లేకపోయింది.

పరుగుకు కనీసం 30 అడుగుల నున్నటి కాంక్రీటు కావాలి. ఇక్కడ పరిచింది పేవర్ టైల్స్. 52 మిల్లీమీటర్ల గట్టి చక్రం ఆ సందుల్లో గడగడలాడుతుంటే వేగం ఎక్కడిది? వేగం చాలకపోతే రెయిలు మధ్యలో ఆగి బోర్లా పడటమే.

మొదట నేర్చేది ఫిఫ్టీ-ఫిఫ్టీ అనే గ్రైండ్. రెయిలుకు దాదాపు సమాంతరంగా వచ్చి, ఆలీతో రెండు ట్రక్కులనూ ఒకేసారి పైన దించాలి. పాదాలు ట్రక్కు బోల్టుల మీద, మోకాళ్లు వంగి, చూపు రెయిలు చివర. భయంతో వెనక్కి వాలారా, బోర్డు ముందుకు తన్నుకుపోతుంది, తల వెనక్కి కొట్టుకుంటుంది. అందుకే హెల్మెట్. దిగేటప్పుడు బోర్డు తోక (వెనక కొస) మీద కాస్త బరువేసి ముక్కు (ముందు కొస) తేల్చకపోతే ముందు చక్రాలు నేలకు గుచ్చుకుంటాయి. కొవ్వొత్తి రుద్దేది కాంక్రీటు, గ్రానైటు అంచులకే. ఇనుప పైపుకు రుద్దితే కాళ్ల కింద బోర్డు నిలవదు.

టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, మహిళల స్ట్రీట్ స్కేట్‌బోర్డింగ్ స్వర్ణం గెలిచిన మోమిజి నిషియా వయసు 13. మధ్యప్రదేశ్‌లోని జన్‌వార్ అనే పల్లెలో 2015లోనే స్కేట్‌పార్కు వెలిసింది. మనవాళ్ల దృష్టంతా నీళ్లు రాని ఫౌంటెన్ల మీద, రంగురంగుల ‘ఐ లవ్’ అక్షరాల మీద. ఆడేవాణ్ని ఒక్క మాట అడిగి కట్టే అలవాటు ఏ శాఖకూ లేదు.

మొత్తం పార్కులో కొలతలు కుదిరింది ఆ శిలాఫలకానికే. అడుగెత్తు, నున్నటి గ్రానైటు అంచు, వీఐపీలు నడిచొస్తారని ముందు 40 అడుగుల కాంక్రీటు బాట. పిల్లలు అక్కడికి పోక ఇంకెక్కడికి పోతారు? కేసులు తర్వాత పెట్టుకోవచ్చు. రెయిలు కాళ్లు కోసి అడుగెత్తుకు దించి, పెయింటు గీకించి, ఆ కాంక్రీటు బాట పక్కన పాతించండి. వెల్డరుకు ఒక్క పూట పని.

ఇట్లు,
ఒక పాఠకుడు