కొత్తవలసలో గజం చౌక అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో ఇల్లు కొనలేనివాళ్లు కొత్తవలస వెళ్లి స్థిరపడటం మేలంటూ పోయిన ఆదివారం మీరు కథనం వేశారు. దాంట్లో లోటుపాట్లు ఎవరైనా ఎత్తిచూపుతారేమోనని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ ఊరు విశాఖ, విజయనగరం, అనకాపల్లి మూడింటికీ అందుబాటులో ఉన్నమాట నిజమే. హౌరా మెయిన్ లైను, కిరండూల్ లైను కలిసే జంక్షన్ అది. పెందుర్తి వస్తే ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల రోడ్డు దొరుకుతుంది. కానీ అక్కడ గజం ధర ఎందుకు తక్కువో మీరు ఒక్క ముక్క రాయలేదు.

లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి రెండు దశల్లో వస్తుంది. మొదట ఇచ్చేది తాత్కాలికం. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, నీళ్ల ఏర్పాటు పూర్తిచేసి చూపించాకే తుది ఎల్పీ, అంటే లేఅవుట్ అనుమతి నంబరు. ఆ పనులకు పూచీగా 15 శాతం ప్లాట్లను సంస్థకు తనఖా పెట్టాలి. అమ్మేవాళ్లు ఆ తాత్కాలిక నంబరునే బ్రోచర్ మీద పెద్దక్షరాల్లో వేస్తారు, కొనేవాళ్లు అది చాలనుకుంటారు. ఈ తనఖా ప్లాట్లు కూడా అమ్ముడుపోవడానికి కారణం ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ పత్రం) తీసే పద్ధతిలో ఉంది. కొనేవాళ్లు ప్లాటు నంబరుతో ఈసీ తీసి, ఏమీ కనపడలేదని బయానా ఇచ్చేస్తారు. తనఖా దస్తావేజేమో సర్వే నంబరు కింద ఉండొచ్చు. అందుకే ఈసీ రెండు విధాలుగానూ తీయాలి, మూల సర్వే నంబరు మీద 30 ఏళ్ల వెనక్కి వెళ్లాలి. సంతకాలున్న ఆమోదిత ప్లాను నకలు చేత్తో పట్టుకుని, తనఖా ప్లాట్ల నంబర్లు ఏవో, పార్కుకు వదిలిన 10 శాతం స్థలం ఎక్కడుందో చూసి, ఆ ప్లానుతోనే సైటులోకి వెళ్లాలి. పార్కు ఉండాల్సిన చోట ప్లాట్ల హద్దురాళ్లు పాతి ఉంటే అక్కడినుంచే వెనక్కి తిరగాలి.

పంచాయతీ అప్రూవ్డ్ అన్న మాటను నమ్మి మోసపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. వీఎంఆర్‌డీఏ పరిధిలో ఆ మాటకు విలువ లేదు. అలాంటి ప్లాటులో ఇంటి ప్లాను మంజూరు కాదు, బ్యాంకు అప్పివ్వదు, ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూసి అపరాధ రుసుం కట్టుకోవాలి. డి-పట్టా భూమైతే, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూమైతే, అదీ కుదరదు, 1977 చట్టం ప్రకారం అలాంటి అమ్మకాలు చాలావరకు చెల్లవు. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో చిక్కుకున్న పంచగ్రామాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఎన్నేళ్లుగా తిప్పలు పడుతున్నారో విశాఖలో తెలియనివాళ్లు లేరు.

బోరు నీళ్లు పరీక్ష చేయించాకే అడ్వాన్సు ఇవ్వాలి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, 2000 దాటితే తాగడానికి పనికిరావు.

రైలు సంగతీ పైపైనే రాశారు. కొత్తవలస మీదుగా పోయే ప్రతి రైలూ విశాఖ స్టేషనుకు రాదు, కొన్ని సింహాచలం నార్త్ నుంచి నేరుగా దువ్వాడ పోతాయి. సీజన్ టికెట్టు రిజర్వేషన్ బోగీల్లో చెల్లదు. స్థలం చూడటానికి ఆదివారం కారులో కాదు, పనిరోజున మీ ఆఫీసు వేళకే వెళ్లి రావాలి.

ఇక అధికారుల తీరు. కొత్తవలస విజయనగరం జిల్లా, పెందుర్తి విశాఖ జిల్లా, సబ్బవరం 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మూడింట్లోనూ లేఅవుట్లు చూసే వీఎంఆర్‌డీఏ ఆఫీసు సిరిపురంలో. ఫిర్యాదు పట్టుకెళ్తే ప్రతివాళ్లూ పక్క ఆఫీసు చూపిస్తారు. అనుమతి లేనిచోట ఒకరోజు హద్దురాళ్లు పీకేసి ఫొటో దిగి వెళ్తారు, నెల తిరక్కుండానే అవే రాళ్లు అక్కడే మళ్లీ నిలబడతాయి. పీకినవాళ్లు మళ్లీ వచ్చి చూడరు! ప్రతి లేఅవుట్ గేటు దగ్గరా ఎల్పీ నంబరు, అది తాత్కాలికమో తుదో, సర్వే నంబర్లు, తనఖాలో ఉన్న ప్లాట్ల నంబర్లు తెలుగులో రాసిన బోర్డు పెట్టించలేరా? అదే జాబితా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు గోడకు అంటించడానికి ఎంత ఖర్చు? జీతం రాళ్లు కూడబెట్టి 150 గజాలు కొనుక్కునేవాళ్ల సొమ్ముకు ఆ మాత్రం కాపలా ఉండొద్దా?

మీ కథనంతో వేసిన ఫొటోలో ఆర్చి ఉంది, ఎర్ర గ్రావెల్ రోడ్డు ఉంది, సున్నం వేసిన రాళ్లు, రెండు వరుసల కొబ్బరి మొక్కలు ఉన్నాయి. కాలువ లేదు, ఒక్క కరెంటు స్తంభమూ లేదు. ఆ లేఅవుట్ తుది ఎల్పీ నంబరు ఎంతో కనుక్కుని వచ్చే ఆదివారం అదే పేజీలో వేయండి.

— ఒక పాఠకుడు, గోపాలపట్నం, విశాఖపట్నం