కొత్త కార్ల గుడ్డి లైట్లపై కేంద్ర రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారం.

ఇవాళ షోరూంలో కొత్త కారు కొన్నవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే కార్ డెకార్ షాపుకు వెళ్లి హెడ్‌లైట్ బల్బులు మార్పిస్తున్నారు. షోకు కోసం కాదు, రాత్రిపూట రోడ్డు కనపడక. అక్కడ దొరికే బల్బుల్లో చాలావరకు చట్టం ఒప్పుకోనివి, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లు బైర్లు కమ్మించేవి. కంపెనీ ఇచ్చే లైటు చాలకపోవడం, బయట వేయించుకునే లైటు ఇంకొకరి ప్రాణం మీదికి తేవడం వేర్వేరు సమస్యలు కావు. మొదటిదాన్ని మీ శాఖ సరిచేస్తే రెండోది చాలావరకు తగ్గిపోతుంది. ఈ లేఖ అందుకోసమే.

మాది నల్గొండ జిల్లా మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం. వానాకాలం కోతలప్పుడు, మళ్లీ యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. కల్లాలు చాలని రైతు ఇంకేం చేస్తాడు? పొద్దుగూకగానే కుప్ప చేసి, మీద నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు పెడతాడు. నల్ల తారు మీద నల్ల టార్పాలిన్. దానికి రేడియం స్టిక్కర్ ఉండదు, దగ్గర్లో వీధిదీపం ఉండదు. వీటికి తోడు వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్లు, పొలం నుంచి ఆలస్యంగా మళ్లే బర్రెలు, ఒక్క లైటుతో వచ్చే ఆటోలు. అది బైకా, ఆటోనా అని దగ్గరికొచ్చేదాకా తెలియదు.

నేను కొత్తగా కొన్న కారు మధ్య రకం వేరియంట్. హుజూర్‌నగర్ నుంచి ఇంటికి వస్తున్న ఒక రాత్రి ఎదురుగా లారీ వచ్చింది. పద్ధతి ప్రకారం హైబీమ్ తీసి డిమ్ చేశాను. ముందున్న రోడ్డంతా ఒక్కసారిగా మాయమైంది. పక్క సీట్లో ఉన్న మా అమ్మ "రాళ్లు, రాళ్లు" అని అరిచింది. బ్రేకు తొక్కితే ఎడమ టైరు మొదటి రాయికి తగిలీ తగలకుండా ఆగింది. అప్పుడు నేను వెళ్తున్నది గంటకు 50 కిలోమీటర్ల లోపే. అదే 80లో ఉంటే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మనిషి చూసి, కాలు బ్రేకు మీద పెట్టి, బండి నిలిచేసరికి 60, 70 మీటర్లు కావాలి. నా కారు డిమ్‌లో ఆ టార్పాలిన్ కనపడింది అందులో సగం దూరంలో కూడా కాదు.

నాలుగు లేన్ల హైవేల మీద ఈ బాధ కొంత తక్కువ. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద డివైడర్ ఉంది కాబట్టి చాలాదూరం హైబీమ్‌తోనే పోవచ్చు. రెండు లేన్ల రోడ్డు మీద రెండు నిమిషాలకోసారి ఎదురుబండి వస్తుంది, ప్రతిసారీ డిమ్ చేయాల్సిందే. అందుకే మా జిల్లా రోడ్ల మీద నడిపేవాడికి డిమ్ లైటే అసలు లైటు. కారు కొనేటప్పుడు దాన్ని ఎవరూ చూపించరు. షోరూంలో పగటిపూట, తెల్లటి ఫ్లోర్ మీద, ట్యూబ్‌లైట్ల కింద కారు చూపిస్తారు. టెస్ట్ డ్రైవ్ కూడా పగలే.

లైటు ఎందుకు చాలడం లేదో తెలుసుకుందామని మా ఊళ్లో తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన బల్బు ముట్టుకోలేదు. ఇంజిన్ ఆన్ చేయించి, మల్టీమీటర్ ముందు బ్యాటరీ దగ్గర పెట్టాడు, తర్వాత హెడ్‌లైట్ కప్లర్ (బల్బుకు వైర్లు తగిలించే ప్లగ్) వెనక పెట్టాడు. రెండింటికీ ఒకటిన్నర వోల్టు దాకా, అంటే దాదాపు పది శాతం తేడా వచ్చింది. సన్నటి వైరులో, స్విచ్‌లో, ఎర్త్ పాయింట్‌లో ఆ వోల్టేజీ కరిగిపోతోంది. లోపలి సన్న తీగ (ఫిలమెంట్) వేడెక్కి వెలిగే హాలోజెన్ బల్బు సంగతి తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు తగ్గేది పది శాతం కాదు, దాదాపు ముప్పై శాతం. అంటే బల్బు మంచిదే, దాని వెలుగును రోడ్డు మీదికి మళ్లించే రిఫ్లెక్టరూ మంచిదే, కానీ దాదాపు మూడో వంతు వెలుగు రోడ్డు మీదికి రాకముందే వైరింగులో పోతోంది. కొన్ని వందల రూపాయల రాగి ఆదా చేయడానికి ఇదంతా!

మందు కూడా ఆయనే చెప్పాడు. బ్యాటరీ నుంచి నేరుగా దొడ్డు వైరు లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెడితే అదే 60/55 వాట్ల (హైబీమ్‌కు 60, డిమ్‌కు 55) బల్బు పూర్తి వెలుగు ఇస్తుంది. కప్లర్‌కు కప్లర్ కలిసే కిట్లు బజారులో ఉన్నాయి, ఏ వైరూ కోయక్కర్లేదు. ఎదుటివాళ్లకు ఇబ్బంది ఉండదు, ఎందుకంటే బల్బూ అదే, లైటు పడే చోటూ అదే. నేను షోరూంకు వెళ్లి ఈ కిట్ మీరే బిగించి బిల్లు ఇవ్వండి అని అడిగాను. సర్వీస్ అడ్వైజర్ మర్యాదగానే చెప్పాడు: "సార్, వైరింగ్ ముట్టుకుంటే ఎలక్ట్రికల్ వారంటీ పోతుంది. మీకు అంత లైటు కావాలంటే టాప్ వేరియంట్ తీసుకోవాల్సింది, దానికి ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు వస్తాయి."

మంత్రి గారూ, ఆ మాటే నాకు నిద్ర పట్టనివ్వలేదు. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, లెదర్ సీట్లు టాప్ వేరియంట్‌కే ఇస్తామంటే ఎవరికీ అభ్యంతరం లేదు. చీకట్లో ముందున్న మనిషి కనపడడం కూడా లక్షా రెండు లక్షలు ఎక్కువ పెట్టినవాళ్లకేనా? బేస్ మోడల్ కారు గుద్దితే పోయే ప్రాణం ఆ కారు నడిపేవాడిదే కానక్కర్లేదు. రోడ్డు పక్కన నడిచి పోయే కూలీది, సైకిల్ మీద పోయే పిల్లాడిది కావచ్చు. ఆ కారు ఏ వేరియంటో వాళ్ల చేతిలో లేదు కదా.

మీ శాఖ ఇలాంటి విషయాల్లో ముందే నిర్ణయాలు తీసుకుంది. 2019 జూలై 1 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు రిమైండర్, స్పీడ్ అలర్ట్, వెనక పార్కింగ్ సెన్సార్లు కార్లన్నింటికీ తప్పనిసరి చేశారు. వేరియంట్ ఏదైనా సరే అన్నారు. వెనక్కి నెమ్మదిగా వచ్చేటప్పుడు గోడ తగలకుండా కాపాడే సెన్సార్‌కు ఇచ్చిన విలువ, ముందుకు 80లో పోయేటప్పుడు దారి చూపించే లైటుకూ ఇవ్వాలి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఏర్పాటు తెచ్చారు, మంచి పని. అది బైకు ఎదుటివాళ్లకు కనపడడానికి. ఇప్పుడు మేం అడుగుతున్నది నడిపేవాడికి దారి కనపడే లైటు.

హెడ్‌లైట్లకు ప్రమాణాలు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి, పరీక్షలూ జరుగుతాయి. కానీ లైటును కారు నుంచి వేరుగా, ల్యాబులో స్టాండ్ మీద పెట్టి, ప్రామాణిక బల్బుతో, దానికి కావాల్సినంత వోల్టేజీ ఇచ్చి కొలుస్తారు. నా కారు వైరింగులో పోయే ఒకటిన్నర వోల్టు ఆ ల్యాబులో పోదు. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ 2016 నుంచి వేరేలా చేస్తోంది. షోరూం నుంచి వచ్చిన కారును వచ్చినట్టుగానే రాత్రిపూట ట్రాక్ మీద నడిపి, తిన్నటి రోడ్డు మీద, మలుపుల్లో వెలుగు ఎంత దూరం పడుతోందో, ఎదుటివాళ్ల కళ్లలో ఎంత పడుతోందో కొలిచి రేటింగ్ ఇస్తుంది. మొదటిసారి 31 మిడ్‌సైజ్ కార్లను పరీక్షిస్తే మంచి రేటింగ్ వచ్చింది ఒక్కదానికే. కార్ల కంపెనీలు అప్పుడు మేలుకున్నాయి. 2021లో అదే సంస్థ లెక్క తీస్తే, నాసి రేటింగ్ లైట్లున్న కార్ల కన్నా మంచి రేటింగ్ లైట్లున్న కార్లు రాత్రిపూట వేరే బండి ప్రమేయం లేకుండా ప్రమాదానికి గురవడం 19 శాతం తక్కువని, పాదచారులను గుద్దడం 23 శాతం తక్కువని తేలింది.

మీ శాఖ లెక్కల ప్రకారమే 2022లో మన రోడ్ల మీద 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. రోజులో ఎక్కువ ప్రమాదాలు సాయంత్రం 6 నుంచి 9 మధ్య. దానికి రద్దీ, తాగుడు, అలసట అన్నీ కారణాలే, లైట్ల మీదే నెట్టడం న్యాయం కాదు. కానీ చీకటి పడే వేళ అది. అక్టోబరు 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి చూసే భద్రతా పరీక్ష) స్టార్లు ఇప్పుడు జనం చూసి కార్లు కొంటున్నారు, అది మీ హయాంలో వచ్చిన మంచి మార్పు. గుద్దుకున్నాక లోపలున్నవాళ్లు ఎంతవరకు బతుకుతారో అవి చెబుతాయి. గుద్దకుండా చూసుకోగలిగే వెలుగు ఎంతుందో కూడా ఆ స్టార్లలో కలపండి. టాప్ వేరియంట్‌ను పరీక్షించి ఆ మార్కులు బేస్‌కు వేయకుండా, ఒక్కో రకం లైటును విడిగా, కారుకు బిగించి ఉండగానే కొలవాలి. బల్బు టెర్మినల్ దగ్గర కనీసం ఇంత వోల్టేజీ అందాలని కూడా నిబంధన రాస్తే కంపెనీలు రిలేలు వాటంతట అవే పెడతాయి.

ఇక డెకార్ షాపుల సంగతి. నాకు అక్కడ చూపించినవి రెండు. ఒకటి 100/90 వాట్ల హాలోజెన్. 60 వాట్ల బల్బులు రెండు కలిసి దాదాపు 10 యాంపియర్లు లాగితే, 100 వాట్లవి రెండు 16 దాటి లాగుతాయి. 10కి వేసిన వైరు మీద ఆ భారం పడితే కప్లర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది. రెండోది తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ బల్బు. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఫిలమెంట్ ఉండాల్సిన చోటు మిల్లీమీటరులో కొన్ని వంతుల తేడా కూడా లేకుండా లెక్కగట్టి ఉంటుంది. హైబీమ్‌కు, డిమ్‌కు వేర్వేరు ఫిలమెంట్లుండే హెచ్4 రకం బల్బులో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు కప్పు ఉంటుంది, వెలుగు పైకి చిమ్మకుండా ఆపేది అదే. చవక ఎల్‌ఈడీలు ఆ కొలతకు కుదరవు. కారు ముక్కు ముందు పది అడుగులు పాలపిండి ఆరబోసినట్టు వెలుగుతుంది, కొన్నవాడు సంబరపడతాడు. దూరం మాత్రం పెరగదు, మిగిలిన వెలుగంతా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది.

ఇది ఇప్పటికే నేరం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నిబంధన ప్రకారం లైటు కిందికి వంగి ఉండాలి, 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని బైర్లు కమ్మించకూడదు. అనుమతి లేని మార్పు చేయిస్తే మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. కానీ శిక్ష బల్బు వేయించుకున్నవాడికే చుట్టుకుంటోంది. "రోడ్డు మీద వాడరాదు" అని డబ్బా మీద చిన్న అక్షరాలతో రాసి అమ్మేవాడికి, దిగుమతి చేసేవాడికి ఏ టెన్షనూ లేదు. చలానా రాసే పోలీసుల దగ్గర లైటు కోణం కొలిచే పరికరం కూడా ఉండదు.

జరిమానాల కన్నా ముందు సక్రమమైన దారి ఒకటి తెరవండి. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు కారు మోడల్ వారీగా పరీక్షించి అనుమతి ఇస్తున్నారు. ఫలానా మోడల్‌లో ఫలానా బల్బు వేసుకోవచ్చు అని జాబితా ఉంటుంది, అంతే. బండ్లను పరీక్షించే మన సంస్థలకు, అంటే పుణేలోని ఏఆర్ఏఐకి, మానేసర్‌లోని ఐక్యాట్‌కు ఆ పని చేసే సత్తా ఉంది. అలా పాసైన బల్బు, రిలే కిట్ షోరూంలోనే అధికారికంగా అమ్మాలి, బిగించాలి, వారంటీ పోకూడదు. అప్పుడు డెకార్ షాపుకు పోయే అవసరం చాలామందికి ఉండదు.

మరొకటి. సొంత కారుకు మొదటి ఫిట్‌నెస్ పరీక్ష 15 ఏళ్ల తర్వాత. ఈలోగా బల్బు మారినా, బంపర్ తగిలి లైటు పైకి తిరిగినా అడిగే నాథుడు లేడు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం మాత్రం ప్రతి ఏడూ పోతాం. ఆ సెంటర్లలోనే హెడ్‌లైట్ కోణం కూడా చూసి, పక్కకు పోయి ఉంటే స్క్రూ తిప్పి సరిచేసే ఏర్పాటు పెట్టండి. దాని కోసం జనం ఇంకో యాభై, వంద రూపాయలు ఇవ్వడానికి వెనకాడరు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా మంత్రులు కూడా ఇది చదువుతారని ఆశిస్తున్నాను, ఆ సెంటర్లను చూసుకునేది రాష్ట్రాలే.

వచ్చే యాసంగి కోతలు మొదలయ్యేలోగా ఈ మార్పులపై ఒక ముసాయిదా నోటిఫికేషన్ విడుదల చేయండి. సూచనలు పంపమని మీరు ఇచ్చే గడువులోపే మా ఎలక్ట్రీషియన్ తీసిన వోల్టేజీ రీడింగులతో సహా నా కారు వివరాలన్నీ రాసి పంపిస్తాను. మా ఊళ్లో ఇలాంటి కార్లున్న ఇంకొందరు కూడా కొలిపించి పంపడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి ఒక కారు యజమాని