క్షవరమయ్యాక తెలిసిన వివరం: మా షెడ్డు కస్టమర్లకు ఒక మాట

కోవెంట్రీలోని మా షెడ్డుకు కార్లు తెచ్చే తెలుగువారందరికీ నమస్కారం. ఇంగ్లీషు కస్టమర్ల కోసం నాలుగు వాక్యాల నోటీసు గోడకు అంటించాను. మీకు మాత్రం వివరంగా రాయక తప్పదు. మీలో చాలామంది రోజూ ఆఫీసుకు వెళ్లే కారును సర్వీసుకు తెచ్చి, మూలనున్న పాత కారును చూసి మనసు పారేసుకున్నవాళ్లే. టీ ఇచ్చి, కబుర్లు చెప్పి మిమ్మల్ని ఆ మూలకు నడిపించినవాణ్ని నేనే.

ముందు అసలు సంగతి. పాత బ్రిటిష్ సెలూన్ కార్లు కొని, బాగుచేసి అమ్మే పనిని ఈ ఏడాదితో ఆపేస్తున్నాను. రిపేర్లు ఎప్పటిలాగే ఉంటాయి. అయితే తుప్పు పని ఉన్న ఏ కారుకైనా, చూసిన రోజే మొత్తం ఖర్చు ఇంతవుతుందని ఇక చెప్పను. గంటకు 48 పౌండ్లున్న కూలి వచ్చే నెల ఒకటో తేదీ నుంచి 56 పౌండ్లవుతుంది. ఇప్పటికే మాట ఇచ్చిన పనులకు పాత రేటే.

సెలూన్ అంటే మన ఊళ్లో క్షవరం చేసే చోటు. ఇక్కడ డిక్కీ ఉన్న మామూలు కుటుంబ కారు. ఈ రెండో సెలూన్‌లో కూడా జేబుకు క్షవరం జరుగుతుందని మీతో నవ్వుతూ అనేవాణ్ని. పోయిన చలికాలంలో అది నాకే జరిగింది.

ఒక కారు వచ్చింది. ఏ మోడలో చెప్పను, చెబితే దాని యజమాని ఎవరో మీరందరూ ఇట్టే పట్టేస్తారు. 1970ల నాటిది. రంగు అద్దంలా ఉంది. సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. తలుపుల కింద పొడవునా పెట్టెలాగా ఉండే రేకును ఇక్కడ సిల్లు అంటారు. దాని మీద వేలి కణుపుతో కొట్టి చూశాను, గట్టిగానే పలికింది. రెండు అతుకులు, ఒక జాకీ పెట్టే చోటు, అంతా కలిపి 1,800 పౌండ్లని అక్కడికక్కడే చెప్పేశాను.

కోసి చూస్తే పై రేకు కింద మరో పాత రేకు. దాని కింద లప్పం. లప్పం వెనక ఉండలు చుట్టి కూరిన వార్తాపత్రికలు. ఎప్పుడో ఎవరో కుళ్లిన రేకు తీయకుండానే దాని మీద కొత్తది కప్పి, నున్నగా గీకి, రంగు కొట్టేశారు. లోపలి రేకును వేళ్లతో పట్టుకుంటే అప్పడంలా విరిగింది. మొత్తం మీద నేను చెప్పినదాని కంటే 41 గంటల పని ఎక్కువ పట్టింది. యజమాని ఆ డబ్బు ఇస్తామన్నారు. సామాను ఖర్చు తీసుకుని కూలి వదిలేశాను. ఇందులో గొప్పేమీ లేదు. కింద దూరి చూడకుండా ధర చెప్పింది నేను, ఆయన కాదు.

చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డులో పానాలు అందించే కుర్రవాణ్ని. బందరు వైపు నుంచి అంబాసిడర్ టాక్సీలు వచ్చేవి. సముద్రపు గాలికి వాటి అడుగు రేకులు జల్లెడలా ఉండేవి. బాబాయి బానెట్ ఎత్తకముందే స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందకు దూరేవాడు. "రంగు చూసేది పెళ్లివారురా, మనం కింద చూడాలి" అనేవాడు. ఇక్కడ సముద్రం దూరమే, కానీ చలికాలమంతా మంచు పేరుకోకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఈ కార్లకు బందరు గాలి ఏటా ఇంటికే వస్తుంది. ఇది తెలిసీ రంగు చూసి మోసపోయాను.

అసలు నాకు ఈ పిచ్చి పట్టింది కూడా ఆ అంబాసిడర్ల వల్లే. చదువు కోసం ఈ దేశం వచ్చిన రోజుల్లో, 2006లో, ఒక ముసలాయన ఇంటి ముందు మోరిస్ మెరీనా 1.8 అమ్మకానికి కనిపించింది. ఆయన ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ శబ్దం విని నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. మా బాబాయి షెడ్డు శబ్దం అది. మన అంబాసిడర్ ఇక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 మే దాకా తయారైంది. దాని పాత పెట్రోలు ఇంజను 1,489 సీసీ బీ సిరీస్. మెరీనాలో ఉన్నది అదే కుటుంబానికి చెందిన 1,798 సీసీ ఇంజను. అన్నదమ్ముల దగ్గు ఒకేలా ఉంటుంది చూడండి, అలా. 450 పౌండ్లు ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ నెల గది అద్దె ఆలస్యమైంది.

మెరీనాను ఇక్కడివాళ్లు తిట్టినంతగా మరో కారును తిట్టి ఉండరు. తిట్లలో సగం న్యాయమైనవే. ఫోర్డ్ కోర్టినాకు పోటీగా హడావిడిగా తయారుచేసి 1971లో దించారు. ముందు సస్పెన్షన్ 1948 నాటి మోరిస్ మైనర్ వరసే. మొదట్లో వచ్చిన 1.8 కార్లను స్టీరింగ్ తిప్పితే ముందుకే జారిపోతున్నాయని పత్రికలు దుమ్మెత్తిపోశాయి, తర్వాత సవరించారు. అయినా 8 లక్షలకు పైగా తయారయ్యాయి. దాని తలుపు పిడులే రేంజ్ రోవర్‌కు, లోటస్ ఎస్ప్రీకి కూడా పెట్టారు. మెరీనాను చూసి నవ్వే రేంజ్ రోవర్ యజమానికి ఆ ముక్క చెప్పడం నాకున్న చిన్న చిన్న సరదాల్లో ఒకటి. నా వరకు అది పానా పట్టడం తెలిసినవాడి కారు. ఏ నట్టు దగ్గరికైనా చెయ్యి దూరుతుంది. ఇప్పటి కార్లలో హెడ్‌లైటు బల్బు మార్చాలంటే బంపరు విప్పాల్సి వచ్చినప్పుడల్లా మెరీనాకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఆస్టిన్ అలెగ్రో మీద నా అభిప్రాయం చాలాసార్లు మారింది. డిజైనర్ హారిస్ మాన్ గీసిన మొదటి బొమ్మల్లో సన్నగా, పదునుగా ఉండేది. ఎత్తైన ఇంజను, పెద్ద హీటరు అందులో పట్టాలనేసరికి బానెట్ పైకి లేచి, కారు బూరెలా ఉబ్బింది. 1973లో వచ్చినప్పుడు స్టీరింగ్ గుండ్రంగా కాకుండా నాలుగు పలకలుగా ఉండేది. కొద్ది కాలానికే దాన్ని తీసేశారు. సస్పెన్షన్ మాత్రం అద్భుతం. స్ప్రింగుల బదులు నైట్రోజన్ వాయువు, ద్రవం నింపిన గుండ్లు ఉంటాయి. గతుకుల రోడ్డు మీద పల్లకీలో వెళ్తున్నట్టుంటుంది. అయితే ఆ గుండ్లు కొత్తవి తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. పాతవాటిని మళ్లీ నింపి వాడుకోవాల్సిందే. నింపే పంపు మా దగ్గర ఉంది కనుక అలెగ్రో, ఆస్టిన్ 1100 యజమానులు కంగారుపడనక్కరలేదు. ఆ 1100 గురించి కూడా ఒక మాట. 1960లలో ఈ దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారు అది, ఇప్పుడు వీధిలో ఒక్కటి కనిపిస్తే ఫోటో తీసుకుంటున్నారు. అంతగా మాయం కావడానికి ఒక కారణం ఇంజను కాదు, వెనక చక్రాలను మోసే సబ్‌ఫ్రేమ్ అనే చట్రానికి పట్టే తుప్పు.

ట్రయంఫ్ హెరాల్డ్ పేరెత్తితే మీలో యాభై దాటినవాళ్ల ముఖాలు వెలుగుతాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అదే. మా వీధి డాక్టరుగారికి ఒకటి ఉండేది. బానెట్‌తో పాటు ముందు మడ్‌గార్డులు కూడా కలిసి మొసలి నోరు తెరిచినట్టు లేచేవి. పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం. 25 అడుగుల వ్యాసంలో గిర్రున తిరిగేస్తుంది. దానికి విడిగా ఛాసీ, అంటే అడుగు చట్రం, ఉంటుంది కనుక తలుపు కింద రేకు పోయినా కారు నడుం విరగదు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది దీన్నే. ఒక్క జాగ్రత్త. ముందు చక్రాలు పక్కకు తిరిగే కింది కీళ్లైన ట్రనియన్లలో గ్రీజు కొట్టకండి, ఈపీ 90 గేరు ఆయిలే పోయాలి. గ్రీజు కొట్టిన కారు ముందు చక్రం ఒకరోజు అడ్డంగా మడతపడిపోతుంది.

కోర్టినాల సంగతి అడగకండి. పాత ఫోర్డులు చవక కార్ల జాబితాలోంచి ఎప్పుడో బయటికి వెళ్లిపోయాయి. నేను 600కు అమ్మిన మూడో మోడల్ కోర్టినాను తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

అన్నట్టు, స్టెప్నీ అని ఇక్కడి సామాన్ల కొట్లో అడిగితే ఎవరికీ అర్థం కాదు. ఆ మాట పుట్టింది ఇక్కడే, వేల్స్‌లోని లనెల్లీలో, స్టెప్నీ వీధిలో. అదనపు చక్రాన్ని మొదట అమ్మిన కొట్టు ఆ వీధిలోది. వాళ్లు మరచిపోయిన మాటను మనం దాచుకున్నాం. పాత కార్ల విషయంలోనూ అప్పుడప్పుడు నాకు అలాగే అనిపిస్తుంది, కానీ ఆ కబురు మరోసారి.

ఇక తుప్పు దగ్గరికి వద్దాం. ఈ కార్లలో ఎక్కువ వాటికి విడిగా ఛాసీ ఉండదు. బరువంతా మోసేది ఆ రేకుల పెట్టెలే. ఇంజనుకు సామాను దొరుకుతుంది. అలెగ్రో 1.3, ఆస్టిన్ 1100లలో ఉండే 'ఏ-సిరీస్' (A-Series) ఇంజను 1951 నుంచి 2000 దాకా తయారైంది, దాని గాస్కెట్లు ఈ రోజు ఆర్డరిస్తే రేపు వస్తాయి. రేకు అలా కాదు. కొలిచి, కోసి, వంచి, అతకాలి. మా దగ్గర ఆ పని చేసిన పెద్దాయన పదహారేళ్లకే కాన్లీలోని ట్రయంఫ్ ఫ్యాక్టరీలో చేరి, 1980లో అక్కడ కార్ల తయారీ ఆగాక బయటికి వచ్చినవారు. మోకాళ్ల నొప్పులతో మార్చిలో పని మానేశారు. కొత్తగా వచ్చిన అబ్బాయి చెయ్యి మంచిది, కానీ పెద్దాయన ఒక పూటలో చేసిన పనికి అతనికి రోజు పడుతుంది. కూలి పెంచడానికి, రేకు పని మొదలవాలంటే ఇప్పుడు పదకొండు వారాలు ఆగమంటున్నందుకు కారణం ఇదే.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు కారు రోడ్డు మీదకు పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎం.ఓ.టి. పరీక్ష 2018 మే 20 నుంచి తప్పనిసరి కాదు. రోడ్డు పన్ను కూడా ఉండదు. బర్మింగ్‌హామ్ నగరం మధ్యలోకి వెళ్లేటప్పుడు పొగ ఎక్కువ వదిలే కొన్ని కార్లకు పడే రోజుకు 8 పౌండ్ల రుసుము ఇలాంటి చారిత్రక వాహనాలకు లేదు. ఆ 8 పౌండ్లు మిగులుతాయని పాత కారు కొన్న మనిషి మన కస్టమర్లలోనే ఉన్నారు. ఆయన ఇప్పటిదాకా మిగుల్చుకున్నది నాలుగు టైర్ల ఖర్చుకు కూడా చాలలేదు. చట్టం వద్దన్నా నేను మాత్రం ఏటా పరీక్ష చేయించమంటాను. ఆ పరీక్ష జరిగినన్నాళ్లూ ఎవరో ఒకరు ఏడాదికోసారి కారు కింద దీపం పట్టి చూసేవారు. ఇప్పుడు చాలా కార్లను కింద చూసే నాథుడు లేడు.

పెట్రోలు విషయం కూడా. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపులను అది మెత్తబరుస్తుంది. ఖరీదైనా సూపర్ పెట్రోలే పోయించండి. పైపులు మార్చి ఎన్నాళ్లయిందో గుర్తులేకపోతే మార్చినట్టు కాదు, నా దగ్గరికి తీసుకురండి.

కొత్త పద్ధతి ఇలా ఉంటుంది. తుప్పు అనుమానం ఉన్న కారును ముందు రెండు గంటలు లిఫ్టు మీద పెడతాను. ఆ రెండు గంటల కూలి మీరు ఇవ్వాలి. మీరు ఒప్పుకుంటే సిల్లును ఒకచోట అరచేయంత కోసి, లోపల ఫోటోలు తీసి పంపుతాను. అప్పుడే లెక్క చెబుతాను. పని మధ్యలో కొత్త కన్నం బయటపడితే ఆపి ఫోను చేస్తాను, మీరు సరే అన్నాకే మళ్లీ మొదలు. ఫోటోలు చూశాక వద్దనుకుంటే కోసిన చోటు మూసి ఇస్తాను, దానికి డబ్బు తీసుకోను. కోయడానికే ఒప్పుకోనివాళ్లకు ఇంజను, బ్రేకులు, కరెంటు పనులు చేస్తాను, వెల్డింగ్ చేయను.

మిగిలిన రెండు కార్లు అమ్మకానికి ఉన్నాయి. 1979 అలెగ్రో 1.3, ధర 3,200. వెనక కుడి చక్రం గూడు దగ్గర రంగు బుడగలు లేస్తున్నాయి, వాటిని విప్పి చూడలేదు. విప్పాక ధర ఇంకా పెరుగుతుంది కనుక విప్పకుండానే అమ్ముతున్నాను, అది మీకు తెలియాలి. రెండోది 1977 ట్రయంఫ్ డాలమైట్ 1850, ధర 4,500. దీన్ని ఇక్కడికి రెండు మైళ్ల దూరంలో తయారుచేశారు, పెద్దాయన చేతులు దాని మీద రెండుసార్లు పడ్డాయి. రేకు పని పూర్తయింది, ఫోటోలున్నాయి. ఇంజను వేడెక్కకుండా చూసుకోవాలి. ఇంజను పైభాగమైన హెడ్డును విప్పాల్సి వస్తే, దాన్ని బిగించే ఏటవాలు స్టడ్లు తుప్పుతో పట్టేసి ఊడిరావు, ఆ పనికి మనిషిలో ఓపిక కంటే మొండితనం ఎక్కువ ఉండాలి. నేను ఒకసారి మూడు రోజులు కొట్టాను.

మెరీనా అమ్మకానికి లేదు. అడిగినవాళ్లకు మళ్లీ టీ ఇవ్వను.

కార్లు చూడటానికి శనివారం మధ్యాహ్నం తర్వాత రండి. గుడికి వెళ్లి అటునుంచి అటే పట్టుబట్టలతో వచ్చేయకండి, పాత బట్టలు వేసుకురండి. స్క్రూడ్రైవర్, టార్చిలైటు నేనిస్తాను. కిందకు దూరి చూడనివాళ్లకు ఈ రెండింటిలో ఏదీ అమ్మను.