బంతి ఆటలో నా సొమ్ము నిలిపివేత గురించి, తెర మీద కనిపించని లెక్క గురించి ఫిర్యాదు

హైదరాబాద్,
2025 సెప్టెంబరు 8.

వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధికారి గారికి,

విషయం: మీ యాప్‌లోని బంతి ఆటలో నేను జమ చేసిన సొమ్ము తిరిగి ఇవ్వకపోవడం, ఖాతా స్తంభింపజేయడం, ఆట లెక్కను ఆటగాడికి తప్పుగా తోచేలా చూపడం గురించి.

ఆర్యా,

నేను మలక్‌పేటలో నివసిస్తూ, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం విద్యార్థులకు గణితం బోధిస్తున్నాను. జులై 12న మీ యాప్‌లో ఖాతా తెరిచి, 5,000 రూపాయలు జమ చేసి, నాలుగు రాత్రులు బంతి ఆట (ప్లింకో: పైనుంచి వదిలిన బంతి మేకుల మధ్యగా జారి కింద ఏ గడిలో పడితే, ఆ గడి మీద రాసినన్ని రెట్లు పందెం తిరిగి వస్తుంది) ఆడి, జులై 20న మిగిలిన సొమ్ము వెనక్కి ఇమ్మని అడిగాను. ఈ రోజు వరకు ఒక్క రూపాయి కూడా రాలేదు. మీ సహాయ విభాగం పంపిన ఆరు జవాబుల్లో ఐదు అక్షరం పొల్లు పోకుండా ఒకటే కాగా, ఆరోది నా ఖాతాను స్తంభింపజేసినట్టు తెలిపే రెండు వాక్యాలు. చాట్ పెట్టెలో ఇమిడే విషయం కాదు కాబట్టి లేఖగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఓడిపోయిన ప్రతి ఆటగాడూ చేసే ఆరోపణను, అంటే బంతిని మీరు కావాలని నష్టపు గడి వైపు తోశారన్న ఆరోపణను, నేను చేయడం లేదు. ఆడిన ప్రతి బంతి ఎక్కడ పడిందో నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ లెక్క సిద్ధాంతానికి చాలా దగ్గరగానే ఉంది. నా అభ్యంతరం అంతా బంతి కింద పడ్డాక మీ తెర ఏం చెబుతోంది, పడక ముందు ఏం చెప్పకుండా వదిలేస్తోంది అన్నదాని మీదనే.

ఈ ఆట దగ్గరికి నేను వచ్చిన దారి కూడా చెప్పడం న్యాయం. ద్విపద సిద్ధాంతం పాఠం జరుగుతున్న రోజు ఒక విద్యార్థి తన ఫోన్‌లో మీ యాప్ చూపించి, "సార్, బంతి మధ్యలో పడకుండా అంచుకు పోయేటట్టు ఏమన్నా లెక్క ఉంటదా?" అని అడిగాడు. లేదని చెప్పాను. మర్నాడు తరగతిలో చూపించడానికి పనికొస్తుందని నమూనా ఆటను నా ఫోన్‌లోకి దించుకున్నాను. డబ్బు లేని ఆ నమూనాలో ఓ పావుగంట లోపే బంతి 130 రెట్ల గడిలో పడింది. సంభావ్యత పాఠం చెప్పేవాడు ఆ క్షణంలో చేయకూడని పని ఏదో, అదే చేశాను: డబ్బు జమ చేశాను. సగటున 2,048 బంతుల్లో ఒకసారి జరిగే సంగతి పావుగంటలో జరగడం కేవలం కాకతాళీయం కావచ్చు. నమూనా ఆటకూ అసలు ఆటకూ ఒకే లెక్క వాడుతున్నారా లేదా అన్నది మాత్రం మీరు రాతపూర్వకంగా చెప్పాలి.

నేను ఆడినది 16 వరుసల మేకులు, 17 గడులు ఉండే పలక, ఎక్కువ రిస్కు పద్ధతి. ప్రతి వరుస దగ్గర బంతి ఎడమకో కుడికో తిరుగుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఛందస్సులో లఘువు, గురువులతో ప్రస్తారం వేసినవారికి, అంటే వాటి అన్ని వరుసలనూ రాసి చూసినవారికి, ఇది తెలిసిన లెక్కే. పదహారు స్థానాల్లో ఒక్కోచోట రెండేసి అవకాశాలుంటే మొత్తం 65,536 దారులు వస్తాయి. వాటిలో ఏ గడికి ఎన్ని దారులు చేరతాయో పింగళుని ఛందశ్శాస్త్రానికి హలాయుధుడు పదో శతాబ్దంలో రాసిన వ్యాఖ్యలోని మేరు ప్రస్తారం (నేడు పాస్కల్ త్రిభుజం అంటున్న సంఖ్యల త్రిభుజం) చెబుతుంది. మేకుల పలక మీద చిన్న సీసపు గుళ్లు జారవిడిచి అదే ఆకారాన్ని 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ చూపించాడు. నట్టనడిమి గడికి 12,870 దారులున్నాయి. 1,000 రెట్లు ఇస్తామని మీరు ఎర్ర రంగులో మెరిపించే అంచు గడికి ఒకే ఒక్క దారి ఉంది: పదహారు సార్లూ ఎడమకే, లేదా పదహారు సార్లూ కుడికే. రెండు అంచులూ కలిపితే 32,768 బంతులకు ఒకసారి. బంతికి 10 రూపాయల చొప్పున 3,27,680 రూపాయలు పందెం తిప్పితే సగటున ఒకసారి 10,000 రూపాయలు వస్తాయన్నమాట.

మీ తెర మీద మాత్రం ఆ 17 గడులూ ఒకే వెడల్పులో ఉంటాయి. ఒకే ఒక్క దారి ఉన్న గడీ, 12,870 దారులున్న గడీ చూసే కంటికి సమానం. కింద చిన్న అక్షరాలలోనైనా ఏ గడికి ఎంత అవకాశమో రాసిన పట్టిక యాప్ మొత్తంలో నాకు కనిపించలేదు. నియమాల పేజీ ఇంగ్లీషులోనే ఉంది. "డబ్బు జమ చేయండి" అన్న మీట మాత్రం చక్కని తెలుగులో ఉంది.

ఇక గెలుపు అనే మాట. నడిమి ఐదు గడుల్లో ఎక్కడ పడినా పందెంలో 0.2 వంతు తిరిగి వస్తుంది, అంటే 10 రూపాయలు పెట్టినవాడికి 2 రూపాయలు దక్కి 8 రూపాయలు పోతాయి. మేరువు ప్రకారం నూటికి 79 బంతులు ఆ ఐదింటిలోనే పడతాయి. అలా పడిన ప్రతిసారీ మీ యాప్ చిన్న గంట మోగించి, పచ్చ అక్షరాలలో "+2" అని చూపించి, దాన్ని గెలుపుల జాబితాలో చేరుస్తుంది. కిరాణా కొట్టులో పది రూపాయలిచ్చి సరుకేమీ తీసుకోకుండా రెండు రూపాయల చిల్లర తెచ్చుకున్నవాడు లాభపడ్డానని ఇంట్లో చెప్పుకోడు. ఎనిమిది రూపాయల నష్టాన్ని రెండు రూపాయల గెలుపుగా నూటికి 79 సార్లు వినిపించడం పొరపాటున జరిగేది కాదని, కావాలని అలా తయారుచేశారని నా అభిప్రాయం.

నేను మొత్తం 2,000 బంతులు వేశాను. పందెం మొత్తం 20,000 రూపాయలు. వాటిలో 1,588 బంతులు 0.2 గడుల్లో పడ్డాయి, 264 బంతులకు రెట్టింపు, 108 బంతులకు నాలుగు రెట్లు, 33 బంతులకు తొమ్మిది రెట్లు, 7 బంతులకు 26 రెట్లు వచ్చింది. 130 రెట్ల గడీ, 1,000 రెట్ల గడీ ఒక్కసారి కూడా తగల్లేదు. తిరిగి వచ్చినది 17,566 రూపాయలు కాబట్టి, నా నష్టం 2,434 రూపాయలు. నూటికి 99 రూపాయలు ఆటగాళ్లకే తిరిగి ఇస్తామని మీరు ప్రకటించిన లెక్కన నా నష్టం 200 దగ్గర ఉండాలి. ఏ మోసమూ లేకుండానే అది అంతకు పన్నెండు రెట్లయింది. ఎందుకంటే మీరు చెప్పే 99 పైసల్లో దాదాపు తొమ్మిదిన్నర పైసలు కేవలం ఆ 130, 1,000 రెట్ల గడుల నుంచి రావాలి. ఆ రెండూ తగలనివాడికి సగటున రూపాయికి 90 పైసలు కూడా రావు. 2,000 బంతులు వేసినవారిలో మూడో వంతుకు పైగా ఆ గడులను చూడకుండానే లేచిపోతారు. 99 శాతం అబద్ధం కాదు. అది లక్షల బంతుల సగటు అనీ, ఒక రాత్రి కూర్చున్న మనిషికి వర్తించే మాట కాదనీ ఆ అంకె పక్కన ఒక్క ముక్క రాయకపోవడమే తప్పు. పైగా ఆటో మీట నొక్కితే క్షణానికి ఒక బంతి పడుతుంది. 10 రూపాయల పందెం గంటకు 36,000 రూపాయల పందెం అవుతుంది.

మరొకటి, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది. 1983లో అమెరికా టెలివిజన్ పోటీలో ఈ రకం ఆట మొదలైనప్పుడు పోటీదారు తన చేత్తో బిళ్ల వదిలేవాడు, అది నిజంగా మేకులకు తగిలి పడేది. మీ యాప్‌లో బంతి మేకులకు తగలదు. సర్వర్ సీడ్ (మీ కంప్యూటర్ ఎంచుకునే రహస్య అక్షరాల వరుస), క్లయింట్ సీడ్ (ఆటగాడి వైపు నుంచి వచ్చే అలాంటి వరుస), బంతికి ఒకటి చొప్పున పెరిగే నాన్స్ అనే సంఖ్య కలిపి చేసిన లెక్క నుంచి పదహారు మలుపులూ ముందే తేలిపోతాయి. తర్వాత తెర మీద చూపేది ఆ ఫలితానికి గీసిన బొమ్మ. అంచు దాకా వెళ్లి చివరి మేకు మీద తడబడి లోపలికి జారిన బంతిని చూసి, "కొంచెంలో తప్పింది" అని నేనే రెండు మూడు సార్లు అనుకున్నాను. తప్పడానికి అక్కడ బంతే లేదు.

ఈ పద్ధతిలో ఒక మంచి గుణం ఉందని ఒప్పుకుంటాను. సర్వర్ సీడ్ తాలూకు షా-256 హ్యాష్‌ను (సీడ్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి గుర్తు, దాన్నిబట్టి సీడ్ ఏమిటో తెలుసుకోలేం) ముందే చూపించి, ఆట ముగిశాక అసలు సీడ్‌ను బయటపెడితే, మధ్యలో ఫలితం మార్చలేదని ఎవరైనా సరిచూసుకోవచ్చు. అయితే మీ యాప్‌లో పాత సీడ్ బయటికి రావాలంటే ఆటగాడు తన ఖాతాలోకి వెళ్లి కొత్త సీడ్‌కు మారాలి. మీరు నా ఖాతాను స్తంభింపజేశారు. కాబట్టి నేను వేసిన 2,000 బంతుల్లో ఒక్కదాన్నీ సరిచూసే వీలు నాకు లేదు. రుజువు పెట్టెలో ఉంది, తాళంచెవి మీ దగ్గర ఉంది.

సొమ్ము సంగతికి వస్తాను. నేను 5,000 రూపాయలు జమ చేయగానే, నేను అడగకుండానే మరో 5,000 స్వాగత బోనస్ అని కలిపారు. 2,000 బంతుల తర్వాత నా ఖాతాలో 7,566 రూపాయలున్నాయి. వెనక్కి అడిగినప్పుడు, బోనస్‌కు 40 రెట్లు, అంటే 2,00,000 రూపాయలు పందెం వేస్తే తప్ప అసలు జమ కూడా ఇవ్వబోమని, నేను ఇంకా 1,80,000 రూపాయల పందెం వేయాలని జవాబిచ్చారు. అంటే మరో 18,000 బంతులు. ఇంతవరకు నడిచిన తీరునే ఆడితే దాదాపు 21,900 రూపాయలు పోగొట్టుకుని, ఖాతాలో లేని సొమ్ము కోసం దరఖాస్తు చేసుకోవాలి. ఈ షరతు జమ చేసే తెర మీద లేదు. మీరిచ్చిన బోనస్ మీరే ఉంచుకోండి. నా సొంత 5,000లో నష్టం 2,434 పోగా మిగిలిన 2,566 రూపాయలు నాకు చెందినవి.

చట్టం విషయంలో నా తప్పును దాచుకోను. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని కూడా నిషేధించారు. చదువుకున్నవాడిగా అది నాకు తెలిసి ఉండాల్సింది. కాని హైదరాబాద్ చిరునామా ఉన్న నా ఆధార్ కార్డును పరిశీలించి "ధృవీకరణ పూర్తయింది" అని చెప్పింది మీ సంస్థే. నా యూపీఐ చెల్లింపు కూడా మీ సంస్థ పేరు మీదికి కాక, నేనెన్నడూ వినని ఒక వ్యాపారి పేరు మీదికి వెళ్లింది. ఆ వ్యాపారికీ మీకూ ఉన్న సంబంధం ఏమిటో తెలియజేయాలి. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యం, అదృష్టం అన్న తేడా చూడకుండా డబ్బు ఆటలను నిషేధించి, నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా నిర్దేశించింది. ఆ తర్వాత ఎనిమిదో రోజున, అంటే ఆగస్టు 30న, "మళ్లీ రండి, 200 శాతం బోనస్" అని మీ నుంచి నాకు వాట్సాప్ సందేశం వచ్చింది. అదే సందేశం దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే మా విద్యార్థులు ఇద్దరికి కూడా వచ్చినట్టు వారే చూపించారు. స్తంభింపజేసిన ఖాతాదారుకు మళ్లీ రమ్మని కబురు పెట్టడంలోని తర్కం నాకు బోధపడలేదు.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా 2,566 రూపాయలను నేను చెల్లించిన బ్యాంకు ఖాతాకే జమ చేయాలని, నా 2,000 బంతుల పూర్తి జాబితాను సర్వర్ సీడ్‌తో సహా పంపాలని, నా ఆధార్ ప్రతిని మీ దగ్గర నుంచి తొలగించి ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలని, నాకూ మా కళాశాల పిల్లలకూ సందేశాలు ఆపాలని కోరుతున్నాను. ఆట ఎక్కడ నడిచినా ప్రతి గడి మీద దాని అవకాశం రాయడానికీ, రెండు రూపాయలకు గంట మోగించడం మానడానికీ మీకు పెద్ద ఖర్చు కాదు. వాటి మీద మీ నిర్ణయం కూడా తెలపండి. గడువులోగా జవాబు రాకపోతే, చెల్లింపు రసీదు, తెర చిత్రాలు, నోటు పుస్తకం నకలుతో సైబర్ మోసాల ఫిర్యాదులకున్న 1930 నంబరులోనూ తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోలోనూ ఫిర్యాదు చేస్తాను. అప్పుడు నేను ఆడిన సంగతి కూడా వారికి నేనే చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకు సిద్ధపడే ఇది రాస్తున్నాను.

ఖాతా వివరాలు, మీ ఆరు జవాబుల నకళ్లు దీనికి జతపరిచాను.

ఇట్లు,
మీ యాప్ ఖాతాదారు,
గణిత అధ్యాపకుడు,
మలక్‌పేట, హైదరాబాద్.