పెన్నా మొగకు విడిగా అలల సూచన వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ నెల్లూరు జిల్లా పేజీల్లో సముద్రం రెండు రకాలుగానే కనిపిస్తుంది. అల్పపీడనం పుడితే ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అన్న ఒక్క వాక్యం, పండగ పూట మైపాడులో జనం కిటకిటలాడితే ఒక ఫొటో. ఎవరైనా గల్లంతైతే ‘అలల ఉధృతికి’ అని రాసి ఊరుకుంటారు. అల ఎంత ఎత్తు, ఎన్ని సెకన్లకొకటి, గాలి ఎటునుంచి, అది పోటు వేళా ఆటు వేళా, ఏట్లో నీళ్లు వస్తున్నాయా లేదా అన్నది ఎక్కడా ఉండదు. ఎండ ఎంత కాసిందో మాత్రం దశాంశ స్థానంతో సహా వేస్తారు.

కార్తీకం దగ్గర పడుతోంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. రోజూ నాలుగైదు వరుసల్లో సముద్ర సూచన వేయండి. అందులో మైపాడు, కోడూరు వంటి బారు తీరానికి ఒకటి, ఊటుకూరు దగ్గర పెన్నా సముద్రంలో కలిసే మొగకు ఒకటి విడివిడిగా ఉండాలి. రెంటినీ కలిపి ఒకే అంకె వేసేటట్లయితే వేయకపోవడమే నయం.

ముందు ఆ అంకెల సంగతి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) అలల ఎత్తు, వ్యవధి, దిశ, గాలి లెక్కగట్టి రాబోయే రోజులకు సూచన ఇస్తూనే ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అయితే ఆ సూచనలో ‘2 మీటర్లు’ అని ఉంటే అది ఒడ్డున విరిగే అల ఎత్తు కాదు, తీరానికి దూరంగా లోతు నీటిలోని లెక్క. పోనీ అక్కడైనా అదే గరిష్ఠమా అంటే కాదు. వచ్చే అలల్లో పెద్దవి మూడో వంతు ఏరి తీసిన సగటు అది. సుమారు వెయ్యి అలలకు ఒకటి దానికి రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. పది సెకన్లకొక అల చొప్పున వెయ్యి అలలంటే మూడు గంటల లోపే. పది నిమిషాలు నిలబడి చూసి ‘ఇంతేలే’ అనుకుని పిల్లల్ని దించేవాళ్లకు ఆ పెద్ద అల ఇంకా కనపడలేదన్నమాట.

ఎత్తు కంటే అసలు చూడాల్సింది వ్యవధి. ఒక మీటరు అల 7 సెకన్లకొకటి వస్తే అది దగ్గర్లో వీచే గాలి లేపినది. అదే మీటరు అల 14 సెకన్లకొకటి వస్తే ఎక్కడో దూరాన పుట్టి ప్రయాణం చేసి వచ్చినది. లోతు నీటిలో మొదటిదాని శిఖరానికీ శిఖరానికీ మధ్య 76 మీటర్లుంటే, రెండోదానికి 300 మీటర్లు దాటుతుంది. ఒడ్డుకు మోసుకొచ్చే శక్తి రెట్టింపు, ఇసుక మీద నీరు పైకెక్కే ఎత్తు కూడా దాదాపు రెట్టింపు. పేపర్లో రెండూ ‘1 మీటరు’ అనే పడతాయి. పైగా ఈ దూరపు అలలు గుంపులుగా వస్తాయి. ఐదారు పెద్దవి వరసగా విరిగాక కొన్ని నిమిషాలు సముద్రం పడుకున్నట్టే ఉంటుంది. జనం సరిగ్గా ఆ విరామంలోనే దిగుతారు.

దక్షిణ మహాసముద్రంలో తుపాను రేగితే అక్కడి 16 సెకన్ల అల గంటకు దాదాపు 45 కిలోమీటర్ల చొప్పున నడుస్తుంది. మన తీరానికి 7 వేల కిలోమీటర్లు అనుకున్నా ఆరేడు రోజుల్లో వచ్చేస్తుంది. మనకు నేరుగా దక్షిణాన శ్రీలంక అడ్డుంది కనుక నైరుతి నుంచి వచ్చేది చాలావరకు అక్కడే ఆగుతుంది. లంకకు తూర్పుగా వచ్చేది, దాని చుట్టూ ఒంగి వచ్చేది మాత్రమే నెల్లూరును తాకుతుంది. అందుకే విశాఖ అంకె తెచ్చి మైపాడుకు అతికించడం కుదరదు. ఈ అలలు వచ్చినప్పుడు మబ్బుండదు, గాలుండదు. కేరళలో వీటిని కల్లక్కడల్ అంటారు. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు చనిపోయింది ఇటువంటి అలల హెచ్చరిక అమల్లో ఉన్న రోజుల్లోనే.

బంగాళాఖాతంలో తుపానైతే ఇంకా దగ్గర. 700 కిలోమీటర్ల దూరాన ఉన్న తుపాను నుంచి 10 సెకన్ల అల గంటకు 28 కిలోమీటర్ల లెక్కన ఒక్క రోజులో వచ్చి తగులుతుంది. గాలీ వానా అప్పటికి ఇంకా దారిలోనే ఉంటాయి. కృష్ణపట్నం పోర్టులో ఒకటో నంబరు సూచిక ఎగరేశారంటే ‘ఎక్కడో దూరాన, మనకేం’ అనుకోవడం పొరపాటు. ఒడ్డున అలల లెక్క మారేది ఆ దశలోనే.

ఇక మొగ. బారు తీరంలో అల ఒడ్డుకు వచ్చి, ఆ నీరే అక్కడక్కడా పాయలై తిరిగి సముద్రంలోకి పోతుంది. మొగలో అలా కాదు. ఆటు మొదలైతే ఏటి లోపల నిండిన నీరంతా ఆ ఒక్క ఇరుకులోంచి సముద్రంలోకి దూసుకుపోతుంది. లోపలికి వచ్చే అల ఈ ఎదురు నీటికి తగిలి పొట్టిదై, నిటారుగా లేచి, ఒడ్డుకు ఇంకా దూరంలోనే ఇసుక మేట మీద విరుగుతుంది. దాని వెనక ఏటి వైపు నీళ్లు నున్నగా, అల లేకుండా కనపడతాయి. ఈత రానివాళ్లు ఏరికోరి దిగేది అక్కడే. మొగలో అన్నిటికంటే బలంగా లాగేదీ అక్కడే.

నెల్లూరు తీరంలో పున్నమి, అమావాస్యలకు పోటుకూ ఆటుకూ నీటి తేడా సుమారు ఒక మీటరు. అష్టమికి అందులో సగం కూడా ఉండదు. పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. కనుక ప్రతి రోజూ వేళ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమి నాడు పోటు సుమారుగా ఉదయం 8–9 గంటల మధ్య నిండుతుంది, ఆటు మధ్యాహ్నం రెండు మూడు గంటలకు అడుగంటుతుంది. ఇప్పుడు కార్తీక పున్నమి చూడండి. తెల్లవారుజామున దీపాలు వదిలినవాళ్లకు పోటు వేళ కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు. బస్సులూ ఆటోలూ దిగి జనం నీళ్లలోకి వచ్చేది తొమ్మిది తర్వాత. అక్కణ్నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా నడిచేదంతా ఆటే, అదీ పక్షం మొత్తంలో బలమైన ఆటు. ఈశాన్య రుతుపవనాల గాలి, ఏట్లో వాన నీరు రెండూ దానికి తోడు. ఇంకో మెలిక ఉంది. సముద్రంలో ఆటు అయిపోయి పోటు మొదలైనా, ఇరుకు మొగలోంచి నీరు ఇంకాసేపు బయటికే పోతుంది. పోటు పట్టికలో ‘ఆటు 2.30’ అని ఉంటే మొగ దగ్గర మూడున్నర దాకా లాగుడు ఉన్నట్టే లెక్క వేసుకోవాలి.

ఏటి నీటి సంగతి మీ దగ్గరే ఉంది. పెన్నా మీది సోమశిల జలాశయం మట్టం, ఔట్‌ఫ్లో మీరు వేస్తూనే ఉంటారు, కానీ ఒక పేజీలో. బీచ్ ఫొటో ఇంకో పేజీలో. ఆ రెంటికీ సంబంధం ఉందని పాఠకుడికి తెలిసేదెలా? ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. లెక్క కోసం మొగ వెడల్పు 200 మీటర్లు, లోతు 3 మీటర్లు అనుకుందాం. నెల్లూరు బ్యారేజీ నుంచి 20 వేల క్యూసెక్కులు వదిలితే అక్కడ నీటి వేగం సెకనుకు దాదాపు ఒక మీటరు. 50 వేలు వదిలితే 2.3 మీటర్లు. వంద మీటర్ల ఈతలో ప్రపంచ రికార్డు వేగమే సెకనుకు 2.2 మీటర్ల లోపు. 2021 నవంబరులో కోవూరు దగ్గర జాతీయ రహదారిని తెంచుకుపోయిన వరద చివరికి వచ్చి పడిందీ ఈ మొగలోనే.

ఈ మొగ ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు కనుక ‘పోయినసారి ఇక్కడ మోకాలి లోతే’ అన్న జ్ఞాపకం పనికిరాదు. మార్చి నుంచి ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. దక్షిణపు ఒడ్డు దిబ్బ ఉత్తరంగా సాగి మొగను అటు తోస్తుంది. ఎండాకాలం ఏట్లో నీరు తగ్గి, అలలు తెచ్చిన ఇసుక మేటవేసి దారి ఇరుకవుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు వరద వచ్చి మేట కోసుకుపోతుంది. ఆ ఇసుకంతా బయట విసనకర్రలా పరుచుకుంటుంది. గాలి ఈశాన్యానికి మళ్లడంతో ఒడ్డు వెంబడి నీరు దక్షిణానికి నడుస్తుంది. అలలు 5 నుంచి 8 సెకన్లవి, పొట్టివి, గజిబిజిగా వస్తాయి. కోత పడిన ఒడ్డు నిలువుగా గోడలా ఉంటుంది, కింద నీరు తొలిచేసి ఉంటుంది. ఫొటో కోసం అంచున నలుగురు నిలబడితే గట్టు మొత్తం జారుతుంది. గట్టు అంచుకు మూడు మీటర్ల ఇవతలే ఆగాలి.

దిగేముందు నీటిని చదవడం కష్టమేమీ కాదు. ఎండిన టెంకాయ డొక్క ఒకటి మొగ అంచున నీళ్లలో వేయండి. ముందే ఒడ్డున పది మీటర్లు అడుగులతో కొలిచి రెండు కర్రలు గుచ్చుకోండి. ఆ దూరం డొక్క 20 సెకన్లలో దాటితే పిల్లల్ని పాదాలు తడిసే చోటు దాటనివ్వకూడదు. 10 సెకన్లలో దాటితే పెద్దలూ దిగకూడదు. నురుగు ఒడ్డుకు రాకుండా గీతలా సముద్రంలోకి పోతున్నా, రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం నల్లగా, లేదా బురద రంగుగా విరగకుండా ఉన్నా అదే లాగే దారి.

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. వెల్లకిలా తేలి ఊపిరి నిలుపుకుని, అడ్డంగా, తెల్లగా అలలు విరిగే వైపు పోవాలి. అక్కడ కింద మేట ఉంటుంది, అల కూడా ఒడ్డుకే నెడుతుంది. ఏ పక్కకు? అక్టోబరు నుంచి జనవరి దాకా దక్షిణానికి, మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఉత్తరానికి. ఒడ్డు వెంబడి నీరు నడిచే వైపే పోతే శ్రమ తగ్గుతుంది. చూస్తున్నవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగడం మానాలి, జారే గట్టు మీద ఆ వరసంతా పోతుంది. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాన్ మనిషిని తేల్చి ఉంచుతుంది. దాని పిడికి పాతిక మీటర్ల తాడు కట్టి విసరాలి. వెంటనే 112కు గానీ, కోస్ట్‌గార్డు 1554కు గానీ చెప్పాలి.

చెన్నై దగ్గర కోవళంలో సర్ఫింగ్, అంటే పలక మీద నిలబడి అలపై జారడం, నేర్చుకుని ఆ పలక పట్టుకుని వచ్చే కుర్రాళ్లకూ ఇవే అంకెలు కావాలి, చదివేది మాత్రం తిరగేసి. వరద పరిచిన మేట మీద అల బాగా విచ్చుకునేది మాఘ, ఫాల్గుణ మాసాల ఉదయాల్లో. ఎత్తు 0.8 నుంచి 1.2 మీటర్లు, వ్యవధి 9 నుంచి 12 సెకన్లు, పడమటి గాలి గంటకు 10 కిలోమీటర్ల లోపు, పోటు సగం ఎక్కిన వేళ, బ్యారేజీ గేట్లు మూసి ఉన్న రోజు. ఏప్రిల్ వస్తే మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి తిరిగి అంతా చెదిరిపోతుంది. వరద తగ్గాక కూడా మూడు రోజులు ఆగడం మంచిది. కంపచెట్లు, గుర్రపుడెక్క, తెగిన వలల మోకులు, ఊళ్ల మురుగు అన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి.

మీరు వేయాల్సింది ఇంతకంటే పెద్దదేమీ కాదు. నమూనాకు: ‘పెన్నా మొగ, ఊటుకూరు. అల 1.3 మీటర్లు, 8 సెకన్లు, ఈశాన్యం నుంచి. గాలి ఈశాన్యం, గంటకు 25 కి.మీ. పోటు ఉదయం 8.40, ఆటు మధ్యాహ్నం 2.50. నెల్లూరు బ్యారేజీ నుంచి 18 వేల క్యూసెక్కులు. మొగలో లాగుడు 4 గంటల దాకా. దిగవద్దు.’ అదే రోజు మైపాడుకు ‘మోకాలి లోతు వరకు, ఉదయం 9 లోపు’ అని రావచ్చు. చివరి మాట ఎవరు తేల్చాలన్న సందేహం వస్తే నా సలహా ఇది. బ్యారేజీ నుంచి 10 వేల క్యూసెక్కులు దాటినా, ఆటు వేళ అల మీటరు దాటినా, ఎత్తు ఎంతైనా వ్యవధి 14 సెకన్లు దాటినా మొగకు ‘దిగవద్దు’ అనే వేయండి. మెరైన్ పోలీసులూ మత్స్యశాఖా ఇంతకంటే కచ్చితమైన గీత గీస్తే దాన్నే పాటించండి.

ప్రకాశం ఎడిషన్‌లో గుండ్లకమ్మ మొగకూ ఇదే వేయొచ్చు, మల్లవరం జలాశయం ఔట్‌ఫ్లో జత చేస్తే చాలు. అక్కడి ముసి, పాలేరు వంటి చిన్న ఏర్లకు అదనంగా ‘మొగ తెరిచి ఉంది’ లేదా ‘ఇసుక మూసింది’ అన్న ఒక్క మాట కావాలి. మూసినప్పుడు వెనక నీరు చెరువులా నిలిచి పిల్లలు ఈదేలా ఉంటుంది. వాన పడి నీరు గట్టు తెంచుకుంటే మాత్రం కొన్ని గంటల్లోనే లోతైన కాలువ అవుతుంది.

రాత్రి పేజీలు దిగేముందు ఆ రోజు సాయంత్రం అంకెలే వేయండి. పాత పట్టిక అలాగే ఉంచేస్తే ఆటు వేళ రోజుకు 50 నిమిషాల చొప్పున తప్పుతూ పోతుంది.

ఇట్లు,
తీరప్రాంత పాఠకుడు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా