డి డ్రైవులో చప్పుడు

తెనాలి,
ఆదివారం ఉదయం.

చిరంజీవి శిరీషకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కొంత నయం. నీ ఫోను వచ్చి పద్దెనిమిది రోజులైంది. పని ఒత్తిడిలో ఉంటావని నేనూ చేయలేదు. గురువారం చిన్నత్తయ్య వాళ్ల నాని ఇంటికి వచ్చి, రాజేంద్రనగర్‌లో నిన్ను కలిసినప్పుడు నీ ల్యాప్‌టాప్ లోపలినుంచి టక్కు టక్కుమని చప్పుడు వినిపించిందనీ, అడిగితే అలవాటైపోయిందన్నావనీ మాటవరసకు చెప్పాడు. వాడు కాఫీ తాగి వెళ్లిపోయాడు గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కిందటిసారి నువ్వు చెప్పినది నాకు బాగా గుర్తుంది. సి డ్రైవు గీత ఎర్రబడిందనీ, అందుకని థీసిస్‌తో సహా అన్నీ డి లోకి మార్చేశాననీ, ఇక భయం లేదనీ అన్నావు. సి లో పదో వంతు కంటే తక్కువ చోటు మిగిలితే విండోస్ ఆ గీతను ఎర్రగా చూపిస్తుంది కాబట్టి, నువ్వు చోటు చేయాలనుకోవడం తప్పు కాదు. అయితే ఆ రెండు డ్రైవులూ ఒక్క జాతివి కావు తల్లీ. సి అన్నది 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. దానిలో కదిలే భాగమే లేదు. డి అన్నది ఒక టీబీ హార్డ్ డిస్కు. లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, వాటిని తాకకుండా వెంట్రుక మందం కంటే ఎంతో తక్కువ ఎత్తులో ఒక ముల్లు అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. (అవి 238 గానూ 931 గానూ కనిపిస్తే దుకాణంవాడు మోసం చేశాడని నువ్వు అప్పట్లో అలిగావు. తయారుచేసేవారు వేయి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించడమే ఆ తేడాకు కారణం.) ఫ్యాను కాకపోతే, నాని విన్న చప్పుడు చేయగలిగినది డి ఒక్కటే. నీ మూడు రబీల మట్టి నమూనాల లెక్కలు ఇప్పుడు ఉన్నదీ అక్కడే.

అక్క పెళ్లి ఫోటోల సంగతి నీకు సగమే తెలుసు. నువ్వు అప్పుడు పరీక్షల్లో ఉన్నావని మిగతాది చెప్పలేదు. నా పాత ల్యాప్‌టాప్‌లోనూ సి ఇలాగే నిండిపోతే, పెళ్లి ఫోల్డరును మౌస్‌తో పట్టుకొని డి మీదికి లాగాను. గంటన్నర పట్టింది, తీరా చూస్తే సి లో ఒక్క జీబీ కూడా ఖాళీ కాలేదు. ఒకే డ్రైవులో లాగితే ఫైలు తరలుతుంది, వేరే డ్రైవులోకి లాగితే నకలు మాత్రమే పడుతుంది అన్నది అప్పటికి నాకు తెలియదు. ఒకే డ్రైవులో మార్చడమంటే మా తహసీల్దారు కార్యాలయంలో మ్యుటేషన్ చేసినట్టు. పొలం ఉన్నచోటే ఉంటుంది, అడంగల్‌లో పేరు మారుతుంది. డ్రైవు దాటించడమంటే ఒక గాదెలోని ధాన్యం బస్తాలకెత్తి ఇంకో గాదెకు మోసినట్టు. రెండుచోట్లా ఉన్నాయి కదా అని సి లోనివి తీసేసి, చోటు రాలేదని రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఆ నెలలోనే, ల్యాప్‌టాప్ నడుస్తూ ఉండగా టీపాయి మీదినుంచి కింద పడింది. నాలుగు రోజులు టక్కుమంది. అయిదో రోజు డి కనిపించడం మానేసింది. విజయవాడలో ఒకరికి ఇస్తే నెలరోజులు ఉంచుకొని ఫోటోలు కొన్ని తీసి ఇచ్చారు. వీడియోలు రాలేదు. పెద్దనాన్నగారు కుర్చీలో కూర్చొనే అక్షింతలు వేస్తూ "దీర్ఘసుమంగళీభవ" అన్న మాట వాటిలోనే ఉంది. ఆ తరువాత ఆయన గొంతు మనకు మరెక్కడా లేదు. అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ పూర్తిగా తెలియదు, నువ్వు చెప్పవద్దు.

అందుకని, ఈ ఉత్తరం అందిన వెంటనే వేరే పని ముట్టుకోకుండా థీసిస్ ఫోల్డరును, ఆ లెక్కల ఫైళ్లను ముందు పెన్ డ్రైవులోకి, తరువాత గూగుల్ డ్రైవులోకి కాపీ చెయ్యి. కట్ చేయవద్దు. పాఠాల వీడియోలు, సినిమాలు ఆఖరున. చప్పుడు చేసే డిస్కుతో ఎంత తక్కువ పని చేయిస్తే అంత మంచిది కనుక, బాగుచేద్దామని డీఫ్రాగ్ (చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట సర్దేది) లాంటివి నడపవద్దు. ఫైలు రెండో చోట తెరుచుకుంటోందో లేదో చూసి గానీ లేవవద్దు.

నువ్వు ప్రోగ్రాములను కూడా మార్చానన్నావు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరును కట్ చేసి డి లో పేస్ట్ చేసి ఉంటే అవి సరిగా తెరుచుకోవు. ఏ ప్రోగ్రాము ఎక్కడుందో విండోస్ రాసుకునే రిజిస్ట్రీ అన్న పట్టీలో పాత చిరునామాయే ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ పెట్టేటప్పుడు చోటు అడిగినచోట డి అని మార్చాలి. అదైనా డి స్థానంలో కొత్త డిస్కు వేయించాకే. రోజూ వాడే గణాంకాల ప్రోగ్రామును మాత్రం సి లోనే ఉంచు, వేగంగా తెరుచుకుంటుంది. సి లో చోటు కావాలంటే ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో స్టోరేజీ తెరిచి ఏది ఎంత తింటోందో చూడు. డౌన్‌లోడ్స్ ఫోల్డరు ప్రాపర్టీస్‌లో లొకేషన్ అన్నచోట మూవ్ నొక్కి డి లో ఒక ఫోల్డరు చూపిస్తే ఇకమీదట దించుకునేవన్నీ అక్కడికే వెళతాయి, అదీ డి మార్పించాకే. పాఠం చెప్పకూడదనుకొనే కూర్చున్నాను, చెప్పేశాను. చిన్నప్పుడు పలకమీద అక్షరాలు చెరిగిపోతాయని చెయ్యి అడ్డం పెట్టుకొని బడికి వెళ్లిన పిల్లవు, ఆ చప్పుడుకు ఎలా అలవాటుపడ్డావో నాకు అర్థం కావడం లేదు.

ఒక టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు కొన్నాను. మంగళవారం బాబాయి హైదరాబాదు వస్తున్నాడు, అతని చేతికి ఇస్తాను. అమ్మ గోంగూర పచ్చడి, సున్నుండలు కడుతోంది. డిస్కును వాటితో కలపకుండా పాత తువ్వాలులో చుట్టి వేరే సంచిలో పెట్టిస్తాను. మంచం అంచున ల్యాప్‌టాప్ పెట్టుకోవద్దు. రాత్రిళ్లు పెరుగన్నం మానవద్దు.

కాపీ అయిపోయాక ఎంత రాత్రయినా ఒక్క ఫోను చెయ్యి. ఆ చప్పుడు ఇంకా వస్తోందా, నాని విన్నప్పటి కంటే ఎక్కువైందా అన్నది కూడా చెప్పు. నేను మేలుకొనే ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న