గల్ఫ్‌కు బయలుదేరే వారికి ఫోను సంగతీ చెప్పాలి

సంపాదకుడి గారికి,

మా వీధి కుర్రవాడు ఒకడు తాపీ పనికి షార్జా వెళ్లాడు. అక్కడ గడిపిన మొదటి మూడు రోజులకే, తండ్రి పేరున ఉన్న పోస్ట్‌పెయిడ్ నంబరు మీద 11 వేల రూపాయలు దాటిన బిల్లు పడింది. ఆ మూడు రోజుల్లో అతను ఎవరితోనూ మాట్లాడలేదు. బ్యాంకు ఓటీపీలు అందాలని ఇక్కడే అంతర్జాతీయ రోమింగ్ పెట్టించుకున్నాడు. ఫోనులో డేటా రోమింగ్‌ను, అంటే పరాయి నెట్‌వర్క్ మీద ఇంటర్నెట్ వాడకాన్ని, ఆపేయాలని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. జేబులో ఉన్న ఫోను తనంతట తానే యాప్‌లను అప్‌డేట్ చేసుకుంది, చెల్లెలి పెళ్లి ఫొటోలను బ్యాకప్‌కు పంపింది. వీసా కోసం చేసిన అప్పు మీద ఇది ఇంకో అప్పు.

రోమింగ్ బాధ మా ఒడిశా–ఆంధ్ర సరిహద్దు వాళ్లకు కొత్త కాదు. ఒకప్పుడు పర్లాకిమిడి నుంచి పక్కనే ఉన్న పాతపట్నం వెళ్తే చాలు, ఫోను ఆంధ్ర సర్కిల్‌ను పట్టుకునేది, మనకు వచ్చిన కాల్‌కు కూడా డబ్బు తెగేది. అందుకని ఊరు దాటగానే ఫోను ఆపేసేవాళ్లం. దేశం లోపల ఆ బెడద తీరింది. విదేశానికి వెళ్తే మాత్రం ఇప్పటికీ ఉంది, పైగా అక్కడ ఫోను ఆపేసి బతకలేము.

నిజానికి తెలుసుకోవలసింది కొంచెమే. విమానం ఎక్కే ముందే డేటా రోమింగ్ ఆపాలి. పాత సిమ్మును మాత్రం ఫోనులోనే ఉంచాలి, ఓటీపీలు దానికే వస్తాయి. వచ్చే ఎస్ఎంఎస్‌కు సాధారణంగా రుసుము ఉండదు. అక్కడి సిమ్ము కొనుక్కున్నా వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తుంది, ఇంట్లో వాళ్లు కొత్త నంబరు రాసుకోనక్కర లేదు. దుబాయ్ విమానాశ్రయంలో వైఫై ఉచితం కాబట్టి, క్షేమంగా దిగిన కబురు అక్కడి నుంచే పైసా ఖర్చు లేకుండా పంపవచ్చు.

ఎస్ఎంఎస్‌లో ఇంకొక చిక్కు ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో అయితే ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగులోనైనా ఒడియాలోనైనా 70 మాత్రమే. పైగా గుణింతపు గుర్తునూ వత్తునూ ఫోను విడివిడిగా లెక్కపెడుతుంది. ‘క్షేమంగా చేరాను’ అన్న మాటలో కంటికి కనిపించేవి ఆరు అక్షరాలు. ఫోను లెక్కలో, మధ్యనున్న ఖాళీతో కలిపి, 15. అమ్మకు నాలుగైదు వాక్యాలు రాస్తే రెండు మూడు సందేశాల ధర పడుతుంది, అదీ రోమింగ్ ధర!

మా దగ్గర చాలామంది తల్లులకు చదువు రాదు. ఒడియా బడిలో చదివిన పిల్లలకు తెలుగు మాటలే వచ్చు, అక్షరాలు రావు. అందుకే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపడం మా ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. షార్జా, దుబాయ్ ఉన్న యుఏఈలో మామూలుగా వాట్సాప్ కాల్స్ కలవవు కానీ, ఈ గొంతు సందేశాలు వెళ్తాయి. వీడియో కాల్‌తో పోలిస్తే వీటికి అయ్యే డేటా చాలా తక్కువ. ఆ కుర్రవాడి తల్లి గుమ్మంలో నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని, ‘అమ్మా, అన్నం తిన్నాను’ అన్న ఒక్క మాటను నాలుగుసార్లు వినడం నేను చూశాను. కొడుకు వెళ్లిన రెండు వారాలకు గాని ఆ మాట ఆమెకు చేరలేదు. బిల్లు చూసి భయపడి ఫోనే కట్టేశాడు.

పదో తరగతి పాసు కానివారు ఉద్యోగం కోసం గల్ఫ్‌తో సహా 18 దేశాలకు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. అంటే వీరి కాగితాలు ప్రభుత్వం చేతుల మీదుగానే వెళ్తున్నాయి. ప్రయాణానికి ముందు ఇచ్చే అవగాహన శిక్షణ కూడా ఉంది. అందులో ఒక గంట ఫోనుకు కేటాయించి, ప్రతి ఒక్కరి ఫోనునూ వారి చేతనే సరిచేయించాలి. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల కార్మిక శాఖ అధికారులు ఈ వివరాలను ఒక కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేయించాలి. పరాయి దేశంలో దిగగానే టెలికాం కంపెనీలు పంపే ధరల సందేశం కూడా ఇంగ్లిషులో కాక, ఖాతాదారు కోరుకున్న భాషలో రావాలి. మా కుర్రవాడికీ ఆ సందేశం వచ్చింది. చదవలేక తుడిచేశాడు.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా